శాసనము – ప్రయోజనము

శాసనమునకు అక్షరము ప్రధానమా, ప్రయోజనము ప్రధానమా? కఱవుకాలమున ఖలీఫా ఉమరు దొంగలకు హస్తచ్ఛేదశిక్షను నిలిపివేసెనని ఇస్లాము సంప్రదాయము చెప్పుచున్నది. ఆయన శాసనమును ధిక్కరించెనా, పాలించెనా? పాలించెననియే మేము తలంతుము.

820లో గతించిన షాఫిఈ ఖురాను, హదీసు, పండితైకమత్యము, సాదృశ్యము అను ప్రమాణములకు క్రమమేర్పఱచెను. ధర్మమును ఎట్లు నిర్ణయింపవలెనో దానివలన తెలిసినది. ఎందులకన్న ప్రశ్నకు గజాలీ (1058–1111) ఉత్తరమిచ్చెను: మతము, ప్రాణము, బుద్ధి, సంతతి, ధనము అను నైదింటి రక్షణమే శాసనోద్దేశము. ఆకలిగొన్నవాని చేయి నఱకినచో ధనము దక్కునేమో కాని, ప్రాణరక్షణమను ఉద్దేశము చెడును.

అయినను ప్రయోజనము పేరిట ఎవరిష్టము వారు శాసనమును వంచినచో దుర్బలునకు దిక్కేది? అందుకే గ్రనాడా పండితుడగు షాతిబీ (మరణము 1388) ఆ ప్రయోజనమును స్వేచ్ఛగా కల్పింపక, శాస్త్రవాక్యములనెల్ల పరిశీలించి గ్రహింపవలెననెను. అక్షరమును విడువక, దాని హృదయమును మఱవక నడచుటయే ధర్మము.