మార్కు ఫలమా, సాక్ష్యమా?

కొమురం భీమ్ ఆసిఫాబాదు జిల్లా రెబ్బెన మండలమునందలి గోలేటి, సింగరేణి సంస్థ బెల్లంపల్లి ఏరియాకు కేంద్రస్థానము. ఓపెన్‌కాస్టు గనులలోని హాల్ రోడ్ల మీద భారీ డంపర్లు బొగ్గును మట్టిని మోయుచు రేయింబవళ్లు దిగుచు నెక్కుచు నుండు ఈ సీమలో, పదవ తరగతి ముగిసిన పిల్లవాడు ఐటీఐలో ఫిట్టరు, ఎలక్ట్రీషియను, మోటారు మెకానిక్కు ట్రేడులలో నొకదానిని నేర్చి, 1961 నాటి అప్రెంటిసు చట్టము ననుసరించి సింగరేణిలో శిక్షణకు చేరవలెనని కోరుకొనుట సహజము. అట్టి కుటుంబములలో, వర్క్‌షాపులో గురువు వేసిన మార్కు అంకెగా మిగిలిపోదు. అది ఇంటిల్లిపాది ఆశలకు ఆధారమగును. అందువలననే ఆ మార్కు దేనికి వేయబడుచున్నది, వేయువాని అధికార మెట్టిది యను ప్రశ్న, పరీక్షల విభాగము తేల్చదగిన దానికంటె లోతైనదని నా విశ్వాసము.

విద్యార్థి యొక ఇంజనును విప్పి, కడిగి, బిగించెననుకొందము. సిలిండరు హెడ్డు బోల్టులను నడిమి నుండి అంచులకు, ఒక్కసారిగా గాక విడతలు విడతలుగా, టార్క్ రెంచితో కొలుచుకొనుచు బిగింపవలెననునది నియమము. ఆ క్రమము తప్పి, చేతి బలమును నమ్ముకొని పానాతో బిగించినవాని ఇంజను సైతము ఆనాడు స్టార్టగును. పొగ రాదు, శబ్దము చెడదు, చుట్టు నిలిచినవారు సంతోషింతురు. హెడ్డు గాస్కెట్టు ఓడి, నీరు ఆయిలులో కలిసి, బేరింగులు చెడుట ఎన్నియో నాళ్లకు, ఎక్కడనో, మరియొకని చేతిలో జరుగును. బ్రేకుల సంగతి ఇంతకంటె భయంకరమైనది: గొట్టములలో గాలిని పూర్తిగా తీయక విడిచిన బండి షెడ్డు ముంగిట మెల్లగా నడుచునంతసేపు ఆగుచునే యుండును, దిగుడు దారిలో, నిండు బరువుతో, పెడలు మెత్తగా దిగిపోయిననాడు గాని దోషము తెలియరాదు.

కర్మ నేడు ముగియును, ఫలము రేపు వచ్చును. నడుమ నిలిచి ఆ రెంటిని కలుపునది ఏది? మన పూర్వులు ఈ చిక్కును యజ్ఞమునందు చూచిరి. ఆహుతి బూడిదయైన పిమ్మట స్వర్గము నెవరిత్తురని యడిగినవారికి, కర్మ వలన అపూర్వమను నొక అదృష్టశక్తి పుట్టి, ఫలకాలము వరకు నిలిచియుండునని మీమాంసకులు సమాధానము చెప్పిరి. బ్రహ్మసూత్రములలో తృతీయాధ్యాయమున నిదే వివాదము కలదు: ధర్మమే ఫలము నిచ్చునని జైమిని మతము, కర్మను, కర్తను ఎరిగిన ఈశ్వరుడే ఫలదాత యని బాదరాయణుని సిద్ధాంతము. వర్క్‌షాపులో కూడ ఈ ఇరువురి వాదములు వినబడును. ఇంజను నడిచెనా లేదా, అదియే తీర్పు అనువారు జైమిని వైపు. తెలిసిన గురువు తూచి ఇచ్చినదే ఫలమనువారు బాదరాయణుని వైపు.

నా మట్టుకు, గురువు ఈ రెండు స్థానములలో దేనికిని చెందడు. అతడు ఫలదాత కాడు. కావలెనన్నను కాలేడు, ఏలయన గాస్కెట్టు ఎన్నడు ఓడునో అతని కెరుక లేదు. ఫలమును అనుభవించువాడు ఆ బండి నెక్కు డ్రైవరు. గురువు సాక్షి. పని యెట్లు జరిగెనో కన్నులార చూచి, చూచినదానిని చూచినట్లు వ్రాయుట అతని ధర్మము. మార్కు ఆ సాక్ష్యమునకు లిఖితరూపము. ఇంతమాత్రము ఒప్పుకొన్నచో, చూడక వేసిన మార్కు ఎక్కువైనను తక్కువైనను కూటసాక్ష్యమే యని ఒప్పుకొనక తప్పదు.

ప్రభుత్వ శిక్షణ విధానము ఈ విషయమున నాలోచన లేనిది కాదు. 1950లో ఆరంభమైన క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగు పథకమున నేడు ప్రాక్టికలులో ఉత్తీర్ణతకు నూటికి 60 మార్కులు రావలెను, థియరీకి 33 చాలును; చేతిపనికి పుస్తకవిద్యకంటె కఠినమైన గీత గీయుట న్యాయమే. ఏడాది పొడుగున జరుగు అంతర్గత మూల్యాంకనములో పనితనముతోపాటు భద్రత, సామగ్రి వృథా కాకుండ చూచుట, ప్రవర్తన, హాజరు లెక్కకు వచ్చును. పరుల సాయమెంత అవసరమైనదో కూడ చూతురు. ఆ రికార్డులను తరువాతి పరీక్షల వరకు దాచియుంచవలెను. దాచియుంచుమనుట సాక్ష్యమునకు విలువ నిచ్చుటయే. అయితే ఇరువదిమందికి తక్కువ కాని బ్యాచిలో, నలుగురైదుగురు ఒక్క ఇంజను చుట్టు మూగియున్నపుడు, ఎవని చేయి ఏ బోల్టును తాకెనో ఒక్కడు చూచుట ఎట్లు? చురుకైనవాడు పానా పట్టును, మొగమాటస్థుడు గుడ్డతో తుడుచుచు నిలుచును, ఇద్దరికి ఒకే అంకె పడును. దీనికి గురువును నిందింపను. కాని అంకె కింద అతడు చేయు సంతకము చూచినదానికి మాత్రమే చెల్లునని అతడు మరవరాదు. మార్చి మార్చి ఒక్కొక్కని చేత ఒక్కొక్క పని చేయించి, ఎదుట నిలిచి, చేయునపుడే ప్రశ్నింపవలెను. ఆ రోజు చేయవలసిన జాబులు సగమే జరిగినను నష్టము లేదు.

చూచుటలో వివేకము కూడ కావలెను. గీత పదునెనిమిదవ అధ్యాయము కర్మసిద్ధికి అధిష్ఠానము, కర్త, కరణము, చేష్ట, దైవము అని యైదు కారణములను చెప్పినది. వర్క్‌షాపు నెరిగినవారికి ఇంతకంటె యథార్థమైన పట్టిక దొరకదు. తుప్పు పట్టిన స్టడ్డు విప్పునపుడు విరిగినచో దోషము విద్యార్థిదా, అనేక బ్యాచిల చేతులలో నలిగిన ఆ పాత ఇంజనుదా? టార్క్ రెంచి కొలత తప్పినచో నియమము పాటించినవాడే నష్టపోవలెనా? తండ్రి షెడ్డులో చిన్ననాటి నుండి స్పానర్ల సైజులు చూపుతోనే గుర్తించు పిల్లవాడును, పానా పట్టుట నిన్ననే నేర్చినవాడును ఒకే గడియారము ముందు నిలిచినపుడు, వేగమునకిచ్చు మార్కు ఎవని పురుషకారమునకు? ఈ ఐదింటిలో కర్తకు, చేష్టకు మాత్రమే విద్యార్థి బాధ్యుడు. తక్కిన మూటిని తీసివేయగా మిగిలినదానిని చూడగల కన్ను లేనివాడు, ఎంత నిష్పక్షపాతియైనను, న్యాయము చేయలేడు.

దసరా నాడు ఈ ప్రాంతమున వర్క్‌షాపులలో ఆయుధపూజ భక్తితో జరుగును. పానాలకు, జాకీలకు, బండ్లకు పసుపు కుంకుమలు పెట్టి మ్రొక్కుదురు. పనిముట్టును తుడిచి దాని చోట దాని నుంచుటకు కొన్ని మార్కులు కేటాయించుట కొందరికి అల్పముగ తోచవచ్చును గాని, నాకు మాత్రము ఆ మార్కులు ఆ పూజకు ఏడాది పొడుగునా జరుగు కొనసాగింపుగానే కనబడును.

ఇక అన్నింటికంటె కష్టమైన సందర్భము. ఇంజను బిగించుట ముగిసినది, గంట కొట్టవచ్చినది, గురువు చూచి తృప్తిపడినాడు. అపుడొక విద్యార్థి దగ్గరకు వచ్చి, “సార్, నడిమి బోల్టు టార్క్ చూడలేదు, మళ్ల ఇప్పుతా” అనెననుకొందము. విప్పినచో పని సమయమునకు ముగియదు. వేగమున మార్కు పోవును, విధానము తప్పినందుకు మరియొక మార్కు పోవును. ఊరకున్నచో రెండును దక్కును. చూడవలసిన సాక్షి చూడలేకపోయిన చోట, చేసినవాని మనస్సాక్షియే ముందుకు వచ్చి సాక్ష్యము చెప్పినది. అట్టి పిల్లవాని చేతి బండి నెక్కుటకు ఏ డ్రైవరును వెనుదీయడు. కాలములో పోయిన మార్కును గురువు పోనీయవచ్చును, నియమము నియమమే. కాని భద్రత యను గడిలోను ప్రవర్తన యను గడిలోను ఉన్నంత మార్కు వేసి, కారణమును రికార్డు పుస్తకములో తన చేతితో వ్రాసి, మరునాడు ఆ బోల్టును వానిచేతనే, తాను ప్రక్కన నిలిచి చూచుచుండగా బిగింపజేయవలెను.