ఆడించు బిడ్డా, జర ఆగు

పాపకు అయిదో నెల పడ్డది, కామారెడ్డి బజార్ల ఏ ఆటబొమ్మలు కొనాల్నో చెప్పు పెద్దమ్మా అని అడిగినవు. ఈ వయసుల పాపకు అన్నిటికంటె పెద్ద ఆటబొమ్మ నీ ముఖమే. పుట్టినప్పుడు పసిపిల్లకు జానెడు దూరం, అంటే 20 నుంచి 30 సెంటీమీటర్ల దాకనే జర సాఫ్‌గ కనిపిస్తది. పాలు తాగేటప్పుడు తల్లి ముఖం సరిగ్గ ఆ దూరంలనే ఉంటది. ఇప్పుడు పాప ఇంకా దూరం చూస్తది గని, చూపు తిరిగి తిరిగి నీ దగ్గరికే వస్తది.

ఎల్లారెడ్డి దిక్కు ఊర్లల్ల అంగన్‌వాడీ పని చేసుకుంట ఎంతోమంది తల్లులను చూసిన. పిల్లలను ముద్దు చెయ్యనోళ్లు ఎవ్వరు లేరు. ఆడించుడు వచ్చినోళ్లు గూడ మస్తుమంది. చాలామందికి రానిది ఒక్కటే, ఆగుడు. గిలక ఊపుతరు, ఊపుతనే ఉంటరు. పిలుస్తరు, పాప నోరు తెరవకముందే మళ్ల పిలుస్తరు. పసిపిల్లకు మాట చెవుల పడి, జవాబు బయటికొచ్చేసరికి మనకంటె చాలసేపు పడతది. "ఏందే బంగారు" అని అడిగి, చప్పుడు చెయ్యకుంట చూడు. ముందుగాల కాళ్లు ఆడిస్తది. కనుబొమలు లేపుతది. ఆఖరుకు "ఉంగా" అంటది. నువ్వు గూడ "ఉంగా" అను, మళ్ల ఆగు. ఇట్ల నాలుగు మాటలు నడిచినయంటే మీ ఇద్దరు ముచ్చట పెట్టుకున్నట్టే. ముఖం పక్కకు తిప్పుకున్నా, ఆవలించినా, ఇగ చాలు అంటున్నదని తెలుసుకో. బలవంతం వద్దు.

దీనికోసం పని బంద్ పెట్టి కూసోవాల్సిన అక్కర లేదు. నూనె రాసి, కాళ్ల మీద పండవెట్టుకొని నీళ్లు పోసేటప్పుడు ఇది చెయ్యి, ఇది బొడ్డు, ఇవి కాలివేళ్లు అని ఒక్కొక్కటి ముట్టుకుంట పేరు చెప్పు. ముక్కుల, చెవుల మాత్రం నూనె పొయ్యనియ్యకు, ఎంత పెద్దోళ్లు చెప్పినా సరే. పాప మేల్కొని హుషారుగ ఉన్నప్పుడు బొంత పరిచి బోర్లవెయ్యి, నువ్వు ఎదురుంగ పండుకొని మాట్లాడు. ఇంకా అంబాడని పిల్లలను ఇట్ల కొంచెం కొంచెంగ, రోజు మొత్తం కలిపి కనీసం 30 నిమిషాలు బోర్లవెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019ల చెప్పింది. మెడ, భుజాలు గట్టిపడతయి. నిద్రకు మాత్రం ఎప్పుడైనా వెల్లకిలనే పండవెట్టు. నవ్వితే నువ్వుండలు, బోర్లపడితే బొబ్బట్లు, అడుగేస్తే అరిసెలు పంచే ఆనవాయితీ మన తెలుగోళ్లల్ల ఊకెనే రాలేదు. పిల్ల ఒక్కొక్క మెట్టు ఎక్కుతుంటే పదిమంది కండ్లు దాని మీద ఉండాలె.

నాకు అన్నిట్ల ఇష్టమైంది అరచేతి పప్పన్నం ఆట. నిన్ను గూడ మీ అమ్మమ్మ ఆడించింది. పాప పిడికిలి విప్పి, అరచేతిల నీ మోచేత్తోని మెత్తగ పప్పు మెదిపినట్టు చెయ్యి. ఉప్పు వేసినట్టు, నెయ్యి పోసినట్టు చెయ్యి. ఒక్కొక్క వేలు పట్టుకొని ఇది అమ్మకు, ఇది నాయినకు, ఇది తాతకు అని ముద్దలు పంచు. చెయ్యి కడిగినట్టు చేసి, నీ రెండు వేళ్లను ముంజేతి మీదికెళ్లి మెల్లగ నడిపించుకుంట పోయి సంకల చక్కిలిగిలి పెట్టు. మొదట్ల చక్కిలిగిలి పెట్టినంకనే నవ్వుతది. రోజు ఆడంగ ఆడంగ, కొన్నాళ్లకు నీ వేళ్లు మోచెయ్యి కాడ ఉండంగనే నవ్వు మొదలైతది. ఏది ముందు, ఏది తర్వాత అన్నది దాని బుర్రకు ఎక్కిందన్నట్టు. గుర్తుపెట్టుకునుడు, ముందు రాబోయేదాన్ని ఊహించుడు, ఒక్కొక్కరి పేరు వినుడు, అన్నీ ఆ చిన్న అరచేతిలనే జరుగుతున్నయి. అందుకే తొందరపడకు. మోచెయ్యి దాటినంక నీ వేళ్లను ఆపి పాప కండ్లల్లకు చూడు. ఊపిరి బిగవట్టి ఎదురుచూస్తది. అసలు ఆట అక్కడ ఉన్నది బిడ్డా.

దోబూచికి ఇంకొన్ని నెలలు ఆగితే మంచి రుచి వస్తది. స్విట్జర్లాండ్‌ల జాఁ పియాజే అనే ఆయన తన ముగ్గురు పిల్లల ఆటలనే ఏండ్ల తరబడి గమనించి 1937ల పుస్తకం రాసిండు. చేతిల వస్తువు మీద గుడ్డ కప్పితే చిన్నపిల్లలు ఇగ అది లేదన్నట్టే ఊకుంటరు, ఎనిమిది నెలల సుమారుకు గుడ్డ గుంజి వెతుకుతరు. కనవడకున్నా ఉన్నదని తెలిసిందన్నట్టు. నువ్వు జర కనుమరుగైతే ఏడుపందుకునేది గూడ ఇంచుమించు ఆ నెలలల్లనే. కొంగు చాటుకు పోయి మళ్ల కనవడే అమ్మ, గడప దాటి పోయినా వస్తదన్న ధైర్యం ఈ ఆటల మెల్లగ కుదురుతది. అందుకే బయటికి పోయేటప్పుడు దొంగతనంగ పోకు. ఏడిచినా సరే, చెప్పి పో. పోచారం కాలువ కింద నాట్లకు పోయే తల్లులకు గూడ నేను ఇదే చెప్పేదాన్ని.

నువ్వు బీడీలు చేస్తవు. చాట ముందరేసుకుంటే చేతులకు తెరిపి ఉండదు గని, నోరు ఖాళీనే గద. ఏం చేస్తున్నవో పాపకు చెప్పుకుంట చెయ్యి. అయితే పాపను పక్కల పండవెట్టుకోకు. తంబాకు దుమ్ము దాని ఊపిరిల పోవద్దు, కత్తెర, దారం చేతికి అందొద్దు. కనవడేటంత దూరంల, గాలి తగిలే కాడ వేరే బొంత మీద ఉంచు. చేతులు సబ్బుతోని కడుక్కొని, చీర మార్చుకున్నంకనే ఎత్తుకో.

ఏడుపు ఆపనీకి ఫోన్‌ల పాటలు పెట్టి ముందర పెట్టుడు మాత్రం వద్దు. ఏడాది లోపు పిల్లలకు తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019ల చెప్పిన ఆ మాటలల్లనే ఉన్నది. ఫోన్ ఎంత మంచిగ పాడినా పాప జవాబు కోసం ఆగదు. దుబాయ్ నుంచి అల్లుడు వీడియో కాల్ చేసే సంగతి వేరే, అవుతల మనిషి ఉన్నడు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం గూడ 2016ల, 18 నెలల లోపు పిల్లలకు తెరలు వద్దనుకుంటనే వీడియో కాల్‌ను పక్కకు పెట్టింది. అల్లుని తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకొమ్మను, పాప పేరు పిలిచి ఆగుమను, అప్పుడు తియ్యుమను. నువ్వు పాపను ఒళ్లె కూసోవెట్టుకొని "అగో నాయిన" అని చూపెట్టు. సెలవు మీద వచ్చిన్నాడు బిడ్డ తన గొంతు గుర్తువడితే ఆయన ఎంత సంబురపడతడో నీకు చెప్పాల్నా.

ఆటలతోని ఏమైతది అని ఇంట్ల ఎవరన్న అంటే జమైకా ముచ్చట చెప్పు. కింగ్‌స్టన్ పట్నంల 1986-87ల, వయసుకు తగ్గట్టు ఎదగని 129 మంది పసిపిల్లలను ఎంచుకున్నరు. అందుల కొందరి ఇండ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్లు వారం వారం పోయి, ఇంట్ల చేసిన బొమ్మలతోనే పిల్లలను ఎట్ల ఆడించాల్నో తల్లులకు నేర్పిండ్రు. ఇరవై ఏండ్లకు చూస్తే, ఆ ఆట దొరికిన పిల్లలు దొరకనోళ్లకంటె 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నరని 2014ల అచ్చేసిండ్రు. మన దేశంల 1975 సంది అంగన్‌వాడీలు ఉన్నయి గని, చిన్నపిల్లల కాడ మాట ఎక్కువ గుడ్లు, పాలు, బాలామృతం చుట్టే తిరిగింది. తిండి కావాలె, తప్పదు. ఆట గూడ అంతే కావాలె. 2024ల కేంద్రం "నవచేతన" పేరు మీద పుట్టినప్పటి సంది మూడేండ్ల దాక, నెల నెలకు ఏం ఆడించాల్నో రాసిచ్చింది. మీ వాడకట్టు అంగన్‌వాడీ టీచర్‌ను అడుగు, చెప్తది.

ఇంకొక్క మాట. పాపను పైకి ఎగరేసి పట్టుకునుడు, భుజాలు పట్టి గట్టిగ ఊపుడు ఎవ్వరినీ చెయ్యనియ్యకు. లోపల మెదడుకు దెబ్బ తగలొచ్చు. పక్కింటి పిల్లతోని పోల్చుకొని రంది పడకు. కానీ నాలుగు నెలలు దాటినా మెడ నిలవకున్నా, ముఖం చూసి నవ్వకున్నా, తొమ్మిది నెలలకు కూసోకున్నా, పెద్దగైతే అదే వస్తదని ఊకోవద్దు, డాక్టర్‌కు చూపెట్టాలె. మన పాప నవ్వుతున్నది, మెడ నిలుపుతున్నది. చెవుల సంగతే నువ్వు చూసి చెప్పాలె. ఇల్లు సద్దుమణిగినప్పుడు, పాపకు కనవడకుంట పక్కకు నిలవడి మెల్లగ పిలిచి ఆగు. నీ దిక్కు తల తిప్పితే మంచిదే. నాలుగైదు దినాలు చూసినా తిప్పకుంటే నాకు ఫోన్ చెయ్యి, ఎల్లారెడ్డి నుంచి పొద్దుగాల బస్సుకు వచ్చి నేనే దవాఖానకు తోలుకపోత.