శక్తికి కొలత యేది?

ధాన్యమునకు కుంచము, వస్త్రమునకు గజము, బంగారమునకు త్రాసు కలవు. మనుష్యుని శక్తికి కొలత యేది? ఆ కొలత చెప్పవలసినవారు చూచువారా, అనుభవించువారా? ఈ ప్రశ్న వేదాంతగోష్ఠులలో మాత్రమే పుట్టునది కాదు; కీళ్లవాతము ప్రవేశించిన ప్రతి యింటను పుట్టుచున్నది.

వైద్యులు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనెడి ఈ వ్యాధి, వార్ధక్యమున కీళ్లు అరుగుట వంటిది కాదు. దేహమును రక్షింపవలసిన శక్తియే దారితప్పి కీళ్లలోని పొరలపై దాడి చేయును. వ్రేళ్లు, మణికట్లు వాచును. ఉదయమున చాలసేపు బిగిసియుండును. ఒకనాడు తగ్గును, మరియొకనాడు హెచ్చును. కావున ఒక్కనాటి చూపుతో రోగి స్థితిని నిర్ణయింపరాదు, కాలక్రమమున కొలుచుచుండవలెను.

1949లో అమెరికాలో స్టైన్‌బ్రాకర్ మున్నగు వైద్యులు రోగులను నాలుగు తరగతులుగా విభజించిరి. పనులన్నియు చేసికొనగలవారు మొదటి తరగతి; మంచమునకో, చక్రముల కుర్చీకో పరిమితమైనవారు నాలుగవ తరగతి. ఇందు నిర్ణయించువాడు వైద్యుడు. 1980లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున జేమ్స్ ఫ్రైస్, ఆయన సహచరులు రోగినే అడుగు పద్ధతిని ప్రకటించిరి. దుస్తులు ధరించుట, లేచుట, తినుట, నడచుట, శుభ్రత, పైవస్తువు నందుకొనుట, పట్టు, ఇతర దైనందిన కార్యములు అను ఎనిమిది విభాగములలో 20 ప్రశ్నలు. కష్టము లేనిచో 0, కొంత కష్టమైన 1, మిక్కిలి కష్టమైన 2, చేయజాలనిచో 3. 2002లో మన దేశపు వైద్యులు 12 ప్రశ్నలతో భారతీయ రూపమును ప్రకటించిరి. నేలపై కాళ్లు ముడిచి కూర్చుండుట వంటి మన అలవాట్లు అందు చేరినవి.

మా యిల్లాలికి ఈ వ్యాధి సోకినపుడు, చెన్నపట్టణమున వైద్యుడు తమిళమున అడిగిన ప్రతి ప్రశ్నకు మేమే బదులు చెప్పితిమి. ఆమెకు తమిళము రాక కాదు. మాకు ఓపిక లేక. "పరవాలేదు, పనులన్నియు జరిగిపోవుచున్నవి" అంటిమి. వైద్యుడు మమ్మాపి, "అమ్మా, మీరు చెప్పండి. తల దువ్వుకొనగలరా? కుళాయి త్రిప్పగలరా?" అని యడిగెను. ఆరు నెలలుగా మనుమరాలే తనకు జడ వేయుచున్నదనియు, కాఫీ గ్లాసును రెండు చేతులతో పట్టుకొనుచున్నాననియు ఆమె తల వంచి చెప్పెను. ఒకే కప్పు క్రింద నున్న మాకు ఆ సంగతి తెలియదు. ఆ ఉదయమున గూడ మా యెదుటనే ఆమె కాఫీ త్రాగినది!

"బాధకు అలవాటుపడినవారు కష్టమును తక్కువగా చెప్పుదురు గదా, వారి మాట ప్రమాణమగునా?" అని కొందరడుగవచ్చును. నిజమే. అందుచేతనే "ఎట్లున్నది?" అని కాక, "ఈ వారము ఈ పని చేయగలిగితిరా?" అని అడుగవలెను. అవే ప్రశ్నలను మరల మరల అడిగి, ఆమె నేటి స్థితిని ఆమె నిన్నటి స్థితితోనే పోల్చవలెను. ఆరంభమున శక్తి తగ్గుట ముఖ్యముగా వాపువలన. తగిన చికిత్సతో అది చాలవరకు మరలి వచ్చును. ఎముక చెడిన పిదప పోయినది పూర్తిగా రాదు. మన మర్యాదపు "పరవాలేదు" ఆ విలువైన కాలమును హరించును.

మరియొక ధర్మసందేహము. పరుల సాయము కావలసిన పనికి ఆ పద్ధతిలో కష్టము హెచ్చుగానే లెక్కింపబడును. ఆమె ప్రయత్నింపకమునుపే గిన్నెను చేతినుండి లాగికొనినచో అది ఆమె అశక్తతయా, మన తొందరయా? సాయము అడిగినపుడు చేయుట ప్రేమ. అడుగకమునుపే పనిని హరించుట ప్రేమయే యైనను అపకారము కావచ్చును. అంకె మందును నిర్ణయించుటకు తోడ్పడునే గాని మనిషి వెలను నిర్ణయింపదు. జడ వేసికొనలేని చేయి ఆశీర్వదింపలేనిది కాదు.

ఇప్పుడు మూడు నెలలకొకసారి ఆ ప్రశ్నలనే అడిగి మేము పుస్తకమున వ్రాసికొనుచున్నాము. కలము మాది, జవాబు ఆమెది.