పారిజాతాన్ని పెకిలిస్తే పాపమా?

పోయిన వీడియో చూసి మదనపల్లె నుంచి ఒక తమ్ముడు అడిగాడు: “అన్నా, మా అవ్వ నాటిన పారిజాతం గేటు పక్కన గుబురుగా పెరిగింది. కారు షెడ్డు కోసం దాన్ని పెరట్లోకి మార్చాలంటున్నారు. పెరిగిన చెట్టును పెకిలిస్తే పాపం కాదా?”

మంచి ప్రశ్న. శ్రీకృష్ణుడే సత్యభామ కోసం ఇంద్రుడి నందనవనం నుంచి పారిజాతాన్ని ద్వారకకు తెచ్చాడు. నంది తిమ్మన ఆ కథనే కావ్యంగా రాశాడు. కాబట్టి కదిలించడమే పాపమని అనలేం. కానీ స్వామి తెచ్చింది దేవతా వృక్షం. మన వాకిట్లోది వేరు తెగితే వాడిపోయే ప్రాణం. వద్దని చెప్పడానికి దానికి నోరు లేదు. అందుకే బాధ్యత మొత్తం మనదే.

ముందు షెడ్డునే కాస్త జరపొచ్చేమో చూడు. కుదరకపోతే ఎండల్లో తొందరపడొద్దు. రెండు నెలల ముందే చుట్టూ కందకంలా తవ్వి, పక్క వేళ్లు కోసి, మట్టి పూడ్చి నీళ్లు పెడుతుంటే మొదలు దగ్గర కొత్త వేళ్లు వస్తాయి. వానలు పడ్డాక కొమ్మలు కొంత కత్తిరించి, వేళ్ల మట్టి రాలకుండా గోనెపట్టాలో కట్టి, సాయంత్రం పూట కొత్త గుంతలో దించాలి. అయినా బతక్కపోవచ్చు. అందుకే దాని విత్తనాలు కూడా నాలుగు నాటి ఉంచు.

పెకిలించే ముందు దండం పెట్టి క్షమించమని అడుగుతాం. అది ఒక్క నిమిషం పని. ఆ మాట నిజమో కాదో తర్వాత ఏడాది పాటు మనం పోసే నీళ్లే చెప్తాయి.

పారిజాతం పూలు కొయ్యం కదా, రాలినవే ఏరి స్వామికి పెడతాం. అది మళ్లీ పూసిన రోజు మొదటి పూలు ఏరి, అవ్వను తలుచుకుని స్వామి పాదాల దగ్గర పెట్టు.

జై శ్రీకృష్ణ!