ఖడ్గం లేని మృగం

మేం డర్బన్‌లో స్థిరపడి పదిహేనేళ్ళు దాటింది. ఇండియా నించి ఎవరొచ్చినా మూడోరోజుకల్లా అడిగేది ఒక్కటే: "సింహాల్ని ఎప్పుడు చూపిస్తావు?" 2025 జూలైలో అమ్మ వచ్చినప్పుడూ అదే జరిగింది. పిల్లకి స్కూలు సెలవులు. అందరం కారులో మూడు గంటలు ఉత్తరంగా ప్రయాణం చేసి హ్లుహ్లువే-ఇమ్ఫలోజీ పార్కుకి వెళ్ళాం.

మర్నాడు తెల్లవారుజామున పైకప్పు తప్ప ఏమీ లేని జీపులో ఎక్కాం. ఇక్కడ జూలై అంటే చలికాలం. అమ్మ మంకీ క్యాపు పెట్టుకుని, రెండు శాలువాలు కప్పుకుని కూచుంది. మా అమ్మాయి చేతిలో ఒక కాగితం. దాని మీద "బిగ్ ఫైవ్": సింహం, చిరుత, ఏనుగు, అడవిగేదె, ఖడ్గమృగం. కనిపించినదానికల్లా టిక్కు పెట్టాలి.

ఈ జాబితా ఎవరు రాశారో మనం సాధారణంగా అడగం. ఆ కాలపు వేటగాళ్ళు కాలినడకన వెళ్ళి కొట్టాలంటే ఎక్కువ ప్రాణాపాయం ఉన్న జంతువుల్ని ఏరుకుంటే, ఈ అయిదూ తేలాయి. అందుకే ఎంత పొడుగున్నా జిరాఫీకి ఇందులో చోటు లేదు. తుపాకీల స్థానంలో కెమెరాలు వచ్చాయి గాని, లెక్క మాత్రం ఆ వేటగాళ్ళదే.

ఎనిమిది గంటలయ్యేసరికి రెండు టిక్కులు పడ్డాయి. ఏనుగుల్ని చూసి అమ్మ దణ్ణం పెట్టింది. గేదెల్ని చూసి, "ఇవి మన గేదెల్లాగే ఉన్నాయి కదరా, వీటికోసం ఇంత దూరం రావాలా?" అంది. గైడుకి అనువదించి చెబితే పడీ పడీ నవ్వాడు.

మలుపు తిరగ్గానే ఖడ్గమృగం. తల్లీ పిల్లా గడ్డి మేస్తున్నాయి. నేను కెమెరా ఎత్తి, దించేశాను. తల్లి ముక్కు మీద కొమ్ము ఉండాల్సిన చోట చదునుగా, నరికిన చెట్టు మొదల్లాంటి మోడు.

"నాన్నా, దీనికి టిక్కు పెట్టొచ్చా?" అంది మా అమ్మాయి.

నేను జవాబు వెతుక్కుంటుంటే అమ్మ అందుకుంది. "ఒరే అబ్బాయ్, ఖడ్గమే లేకపోతే ఇంక దాన్ని ఏమని పిలవాలిరా?"

కొమ్ము కోసింది దొంగలు కాదు, పార్కువాళ్ళే అని గైడు చెప్పాడు. 1895లో ఏర్పడిన పార్కు ఇది. అప్పట్లో దక్షిణాది తెల్ల ఖడ్గమృగాలు వందకు లోపే మిగిలాయి, అవీ ఈ చుట్టుపక్కలే. 1960లలో ఇయాన్ ప్లేయర్ బృందం ఇక్కడినించే వాటిని పట్టి ఇతర చోట్లకు పంపింది. ఇవాళ పదిహేను వేలకు పైగా ఉన్నాయంటే ఈ నేల చలవే. అలాంటిది, 2023లో దేశం మొత్తం మీద దొంగవేటకు బలైన 499 ఖడ్గమృగాల్లో 307 ఈ ఒక్క పార్కులోనే చచ్చాయి. అప్పుడు, 2024 ఏప్రిల్‌లో, రంపాలు పట్టారు. మత్తు ఇచ్చి, కళ్ళకు గంతలు కట్టి, మొదలు వదిలేసి పైభాగం కోస్తారు. మన గోళ్ళలో ఉండే పదార్థమే కనక నొప్పి ఉండదట. మళ్ళీ పెరుగుతుంది. పెరిగితే మళ్ళీ కోస్తారు.

ఫలితం లేకపోలేదు. క్రూగర్ ప్రాంతంలోని రిజర్వులలో 2017 నించి 2023 దాకా జరిగిన పరిశీలనలో, కొమ్ములు కోశాక దొంగవేట 78 శాతం తగ్గిందని తేలింది. అయితే కొమ్ము పోయిన నల్ల ఖడ్గమృగాలు తాము తిరిగే మేర కుదించుకున్నాయనీ, తోటివాటిని కలవడం తగ్గించాయనీ 2023లో మరో పరిశోధన చెప్పింది. ప్రాణం దక్కింది గాని ధైర్యం కొంత పోయిందేమో! ఒకరి ప్రాణం కాపాడ్డానికి వాళ్ళని వాళ్ళు కాకుండా చేసే హక్కు మనకుందా? అడగడానికి దానికి నోరు లేదు. అడగకుండా ఊరుకుంటే అది బతకదు. రంపం పట్టినవాళ్ళని నేను తప్పు పట్టలేను.

నన్ను బాధపెట్టింది నా కెమెరా. ఎందుకు దించాను? ఫోటో బాగుండదని. అంటే నాకూ కావలసింది కొమ్మే. దొంగకి అమ్ముకోడానికి కావాలి, నాకు చూపించుకోడానికి. అతనికీ నాకూ చాలా తేడా ఉంది, ఒప్పుకుంటాను. నా మూలంగా ఏ జంతువూ చావలేదు, నేను కట్టిన టిక్కెట్టు డబ్బు కాపలాకీ పనికొస్తుంది. కాని కొమ్ము లేదని తెలిసిన క్షణాన, దొంగ ఆ జంతువుని వదిలేసినట్టే నేనూ వదిలేశాను. నా జేబులో పది రాండ్ల నోటు ఉంది. దాని మీద ఖడ్గమృగం బొమ్మ, నిండు కొమ్ముతో. దాన్ని చూడ్డానికే వచ్చాను కాబోలు.

ఇద్దరికీ అక్కర్లేని ఆ జంతువు మాత్రం హాయిగా గడ్డి మేస్తోంది. పిల్ల దాని పొట్ట కిందికి దూరింది.

"పెట్టమ్మా టిక్కు," అన్నాను.

ఆ రోజు సింహం కనబడలేదు, చిరుతా కనబడలేదు. అమ్మ తెనాలి వెళ్ళిపోయాక కూడా ఫోన్లో సింహం ఊసెత్తలేదు. "దానికి కొమ్ము మళ్ళీ వచ్చిందేమోరా?" అని మాత్రం అప్పుడప్పుడూ అడుగుతుంది.

"వస్తూ ఉంటుందమ్మా," అంటాను. మళ్ళీ కోస్తారన్న సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరం అనం.