లెక్క చూచుకొనుట అవిశ్వాసమా?

చదువవలసిన భాగములు: లూకా 14:28-30, మత్తయి 4:5-7, యాకోబు 4:13-15



మా సంఘములోని ఒక తల్లి మొన్న నా యింటికి వచ్చి, "అయ్యగారూ, మా అబ్బాయి అమెరికాలో సీయోనుకు పోవుచున్నాడట. భార్యాబిడ్డలను తీసికొని సెప్టెంబరు నెలలో పోవును. ఫోను చేసినప్పుడెల్ల దారి పటములు, వాన కబుర్లే చెప్పుచున్నాడు. దేవుని పేరుగల చోటికి పోవుచు అంత లెక్క యెందుకు? వానికి విశ్వాసము తగ్గినదేమో" అని బాధపడెను.

ఆ సీయోను యెరూషలేములోనిది కాదు. అది యూటా రాష్ట్రములోని ఒక కొండలోయ. అక్కడ అనాదిగా నుండినవారు పయూట్ జనులు. 1860 ప్రాంతములలో వచ్చి కాపురమున్న మోర్మను రైతులు, ఆ లోయ తమకు ఆశ్రయమని తలంచి, దానికి సీయోను అని పేరు పెట్టిరి. 1919లో ప్రభుత్వమువారు దానిని జాతీయ వనముగా ప్రకటించిరి. మన గండికోటయొద్ద పెన్న కొండను కోసినట్లే, అక్కడ వర్జిన్ అను నది ఇసుకరాతిని కోసికొని పోయినది. ఒకచోట రెండు గోడల నడుమ వెడల్పు ఇరువది ముప్పది అడుగులే; గోడల యెత్తు వెయ్యి అడుగులు. అక్కడ వేరే దారి లేదు, నదియే దారి. పైన ఆకాశము తేటగా నున్నను, ఎక్కడనో దూరమున కురిసిన వాన ఉన్నట్టుండి వరదయై వచ్చును. 2015 సెప్టెంబరు 14న ఆ వనములోని మరియొక ఇరుకు లోయలో ఏడుగురు అట్లే మరణించిరి. ఆ దినమున వరద రావచ్చునని ముందే హెచ్చరిక యుండెను. వారు మనకంటె పాపులని గాని బుద్ధిహీనులని గాని తలంపవద్దు. సిలోయము గోపురము క్రింద పడినవారిని గూర్చి ప్రభువు చెప్పినది జ్ఞాపకముంచుకొనుడి.

ఆ లోయలోనే దేవదూతలు దిగు చోటు అని పేరుగల ఒక శిఖరము కలదు. లోయనుండి దాదాపు 1,500 అడుగుల యెత్తు. కొనకు పోవు సన్నని దారిలో గొలుసులు పట్టుకొని నడువవలెను. జనసమ్మర్దము ఎక్కువైనందున 2022 ఏప్రిలునుండి అనుమతి లేనిదే ఎవరును పోరాదు. ఆ అనుమతి యెవరికి వచ్చునో చీట్లు వేసి తేల్చుచున్నారు. (చీట్లు వేయుట బైబిలు చదువు మనకు క్రొత్త కాదు.) ఆ పేరు వినగానే నాకు దేవాలయ శిఖరము తోచినది. దేవదూతలు ఎత్తి పట్టుకొందురు, దూకుమని సాతాను వాక్యమునే చూపెను. ప్రభువు దూకలేదు. తండ్రిని నమ్మనందున కాదు, నమ్మినందుననే ఆయనను శోధింపనొల్లలేదు. దిగుటకు మెట్లుండగా దూకుట విశ్వాసమని ఎవరు చెప్పిరి?

ఈ మాట చెప్పుటకు నాకు సిగ్గుగా నున్నది. కొన్నియేండ్ల క్రిందట వర్షకాలపు ఆదివారమున అవతలి పల్లెలో ఆరాధన కుండెను. వాగు ఎఱ్ఱగా పారుచుండెను. గొఱ్ఱెల కాపరి యొకడు, "పైన వాన పడినది, దిగవద్దు అయ్యగారూ" అనెను. దేవుని పనిమీద పోవువానికి భయమేమి యని దిగితిని. నా వెంట సంఘపెద్ద ఇష్టము లేకయే దిగెను. నడుమకు పోవునప్పటికి నీరు రొమ్ములోతైనది, ఆయన కాలు తప్పెను. ఆ కాపరియే గొంగడి విసరి మమ్మును గట్టుకు లాగెను. మేము బ్రదుకుట కృప. దిగుట మాత్రము విశ్వాసము కాదు; నన్ను పిఱికివాడందురేమో యని దిగితిని.

అయినను లెక్క చూచువానికిని ఒక అపాయము కలదు. రేపటి దినము తన చేతిలోనే యున్నదనుకొనును. యాకోబు గద్దించినది అట్టివారినే. చీటి రాకపోవచ్చును. నది పారుదల సెకనుకు 150 ఘనపుటడుగులు దాటినయెడల ఆ నీటిదారిని మూసివేయుదురు. అంతకంటె కష్టమైనది, దారి తెరచియే యుండి వరద రావచ్చునని చెప్పిన ఉదయము. డబ్బు వ్యయపరచి, సెలవు పెట్టి, పిల్లలకు ఆశ చూపి వచ్చినవాడు ఆ గట్టునుండి వెనుకకు తిరుగగలడా? తిరుగుటకు కూడ ముందుగనే మనస్సులో చోటుంచుకొనని లెక్క, సగము లెక్కయే. గోపురము కట్టదలచినవాడు కూర్చుండి చూచుకొనవలసినది రూకలు మాత్రమే కాదు.

నేను ఆ తల్లితో, "అమ్మా, కొడుకు లెక్కలు మానవలెనని ప్రార్థింపవద్దు, తిరుగవలసి వచ్చినప్పుడు తిరుగు మనస్సు ఇమ్మని ప్రార్థింపుము" అంటిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "పసిపిల్లలు ఆ నీళ్లలో దిగుదురా, అయ్యగారూ?" అని అడిగెను. వానినే అడుగుమంటిని. ఆ రాత్రి అడిగినదట. పిల్లలు నది ప్రక్కనున్న చదునైన బాటమీద ఒక మైలు నడుతురు, తల్లి వారితోనే యుండును, తాను నీటిలో దిగుట ఆ ఉదయము వచ్చు హెచ్చరికను బట్టి యుండును అని చెప్పెనట. ఆదివారము ఆరాధనలో ఆమె అతని పేరు చెప్పి ప్రార్థన చేయించినది.