ఊదితే ఏమొస్తది?

ఎనిమిదేళ్ళ వయసు నుంచి పిల్లనగ్రోవి ఊదుతున్నాను. నలభై దాటినా ఇప్పటికీ బాగా ఊదడం రాదు. ఇది వినయం కాదు, మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. పై స్వరాల దగ్గర కీచుమంటుంది, ఒక వేలు ఎప్పుడూ ఆలస్యంగానే లేస్తుంది. అయినా సాయంత్రం ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్ట మీద కూర్చుని పావుగంట ఊదితే ఆ రోజు నాది అనిపిస్తుంది. ఇన్నేళ్ళలో ఇంకే సంతోషమూ నా దగ్గర ఇంత నిలకడగా ఉండలేదు. కానీ ఇలాంటి సంతోషానికి నాకు హక్కుందా అనే అనుమానం కూడా అప్పటి నుంచే వెంట ఉంది. ఈ మధ్య బడిలో జరిగిన ఒక చిన్న సంగతి దాన్ని మళ్ళీ ముందుకు తెచ్చింది.

మాది వెదురు పని చేసే ఇల్లు. ఎరుకలలో మమ్మల్ని దబ్బ ఎరుకలంటారు. దబ్బ అంటే చీల్చిన వెదురు. నాయిన బొంగులు చీల్చేవాడు, అమ్మ గంపలు, చాటలు అల్లేది. నా మొదటి పిల్లనగ్రోవి జాతరలో కొన్నది. మూతి దగ్గర చెక్క బిరడా ఉండే రకం. బిరడాకూ బొంగుకూ మధ్య సన్నటి సందులోంచి పోయే గాలి ఎదుటి పదునైన అంచుకు తగులుతుంది, అప్పుడు బొంగులోని గాలంతా కంపిస్తుంది. పట్నం బడుల్లో కొందరు పిల్లలు ఊదే ప్లాస్టిక్ రికార్డర్ కూడా ఇట్లాగే పలుకుతుంది. నాది ఒక ఎండాకాలం నిలువునా పగిలింది. ఇంటి నిండా బొంగులే కదా, నేనే చేసుకుంటానని కత్తి పట్టాను.

అక్కడే చిక్కొచ్చింది. పిల్లనగ్రోవికి కణుపుల మధ్య ఎడం ఎక్కువున్న బొంగు కావాలి. గంపకూ అదే మంచిది, ఎందుకంటే కణుపు దగ్గర దబ్బ సాఫీగా వంగదు. నేను మూరెడు ముక్క కోసుకున్నానంటే ఒక మంచి బొంగు పొడవు చెడగొట్టినట్టే.

"గంప అల్లితే పైసలొస్తయి. గిది ఊదితే ఏమొస్తదిరా?" అన్నాడు నాయిన.

ఆయన కొట్టలేదు, ముక్కనూ లాక్కోలేదు. అది కోపం కాదనీ, భయమనీ నాకు చాలా ఏళ్ళకు అర్థమైంది. బ్రిటిష్ వాళ్ళు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911 తర్వాత మద్రాసు రాజధానిలోని ఎరుకల మీద కూడా పడింది. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెద్దవాళ్ళు హాజరు పలికి బతికారు. ఆ చట్టం 1952లో పోయింది. మేము నిజాం ఇలాకా వాళ్ళమే, కానీ ఆ ముద్ర ఇలాకాల హద్దులు చూడలేదు. ఎరుకల పిల్లాడు ఖాళీగా చెట్టు కింద కూర్చుంటే జనం ఒక రకంగా చూస్తారు. చేతిలో సగం అల్లిన గంప ఉంటే ఎవరూ ఏమీ అనరు. నాయిన లెక్కలో పని అంటే కూడు మాత్రమే కాదు, కాపుదల కూడా.

టీచర్ ట్రైనింగ్‌లో ప్లేటోను పరీక్ష కోసం బట్టీ పట్టాం. ఆయన తన ఆదర్శ నగరంలోకి ఆలోస్ అనే ఊదే వాద్యాన్ని చేసేవాళ్ళనూ వాయించేవాళ్ళనూ రానివ్వనన్నాడని తర్వాతెప్పుడో చదివాను. ఊరి బయట పశువుల కాపరుల దగ్గర మాత్రం ఒక పిల్లనగ్రోవి ఉంటే ఉండనిమ్మన్నాడు. అరిస్టాటిల్ ఇంకొంచెం ముందుకు పోయి, ఆలోస్ ఊదేవాడు మాట్లాడలేడు కనుక అది చదువుకు పనికిరాదన్నాడు. నాకు నవ్వొచ్చింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మాట్లాడడమే నా కొలువు. మాట్లాడక్కర్లేని ఆ పావుగంట కోసమే నేను కట్ట మీదికి పోతాను.

జర్మనీలో హోలే ఫెల్స్ అనే గుహలో 2008లో రాబందు ఎముకతో చేసిన పిల్లనగ్రోవి దొరికింది. దానికి ఐదు బెజ్జాలున్నాయి, వయసు 35,000 ఏళ్ళకు పైమాటే. మంచు కాలంలో తిండి వెతుక్కుంటూ తిరిగే మనుషుల్లో ఒకరు కూర్చుని, ఓపిగ్గా ఎముకకు బెజ్జాలు పెట్టారు. వాళ్ళ నాయిన కూడా మా నాయిన అడిగిందే అడిగి ఉంటాడా అనిపిస్తుంది.

నాయిన ప్రశ్న ఒక వైపు నుంచి వస్తే, రెండో వైపు నుంచి మెచ్చుకోలు వస్తుంది. అది ఇంకా ఇబ్బంది. ఆగస్టు 9 వచ్చిందంటే చాలు, మన పిల్లల్ని స్టేజీ ఎక్కించడానికి అందరూ ఉత్సాహపడతారు. "మీవాళ్ళకు ఆటపాట రక్తంలనే ఉంటది సార్" అని ఒక పెద్దమనిషి నాతో ప్రేమగానే అన్నాడు. రక్తంలో ఉంటే నాకు మొదటి స్వరం సరిగా పలకడానికి అన్ని నెలలెందుకు పట్టింది? లెక్కలు మీ రక్తంలో ఉన్నాయని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఊదితే ఏమొస్తదని అడిగిన నాయిన కనీసం నన్ను మనిషిగా చూసి అడిగాడు. ఈ మెచ్చుకోలు నా ఊపిరిని మొత్తం జాతి ఖాతాలో వేసేసింది.

ఇక బడి సంగతి. ఐదో తరగతిలో భిన్నాలు చెబుతున్నాను. వెనక వరస నుంచి సన్నగా ఒక స్వరం వచ్చింది. కరెంటు వైర్లు వేసే ప్లాస్టిక్ పైపు ముక్క, ఒక చివర చెప్పు రబ్బరు బిరడా, ఆరు బెజ్జాలు. చేసిందీ ఊదిందీ మా తండ్లాటలన్నీ తెలిసిన ఇంటి పిల్లాడే. ప్లాస్టిక్ తట్టలొచ్చి మా గంపలు పోయాయి. వాడేమో ఆ ప్లాస్టిక్‌కే బెజ్జాలు పెట్టాడు. నేను చెయ్యి చాపాను. వాడు ఒక్క మాట అనకుండా పైపు తెచ్చి నా చేతిలో పెట్టాడు. సొరుగులో వేసి తాళం పెట్టాను.

ఆ రాత్రి నన్ను గుచ్చింది వాడు ఎదురు చెప్పకపోవడమే. మేము ఏకలవ్యుణ్ణి మా పూర్వీకుడని చెప్పుకునేవాళ్ళం. ట్రైనింగ్‌లో ఆ కథను గురుభక్తికి ఉదాహరణగా చెబుతుంటే నేను తల దించుకుని నోట్సు రాసుకున్నాను. ద్రోణుడు ఆ విద్యను తాను నేర్పలేదు. తాను నేర్పకుండానే వచ్చిందన్నదే అక్కడి అసలు బాధ అనుకుంటాను. ఈ పిల్లాడికి పైపును ఎక్కడ కొయ్యాలో, బెజ్జం ఎంత ఎడంలో పెట్టాలో నేను చెప్పలేదు. మరి ఏ హక్కుతో తీసుకున్నాను? పాఠం మధ్యలో ఊదనివ్వాలని నేననను. మిగతా పిల్లలకూ భిన్నాలు రావాలి. "ఆపు" అనే హక్కు నాకుంది. తీసుకుని తాళం పెట్టే హక్కు ఉందా అన్నదే నాకు తేలలేదు. తోటి ఉపాధ్యాయులారా, మన బల్లల సొరుగుల్లో ఏమేం ఉన్నాయో ఒకసారి చూసుకుందాం.

మర్నాడు నా పిల్లనగ్రోవి కూడా సంచిలో పెట్టుకుని పోయాను. మధ్యాహ్న భోజనమయ్యాక వాణ్ణి పిలిచి పైపు ఇచ్చేశాను.

"బెజ్జాలు కొలిచి పెట్టినవా?"

"లేదు సార్. వేళ్ళు పెట్టి చూసిన."

వేపచెట్టు కింద ఇద్దరం అన్ని బెజ్జాలూ మూసి ఒకేసారి ఊదాం. కలవలేదు. వాడి పైపు పొడవెక్కువ, స్వరం నాదానికన్నా కొంచెం కిందికి పలికింది. మళ్ళీ ఊదాం. మళ్ళీ కలవలేదు. వాడు నా పిల్లనగ్రోవి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సార్, మీదే తప్పుంది" అన్నాడు.